తాత లేస్తేనే లేచే బంతి

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం, మధ్యాహ్నం సరిగ్గా పన్నెండున్నరకు జరిగింది ఇది. జాలరిపేటలో మా కాపురం మేడ మీద. కింద వలలు దాచే కొట్టు. తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించుకొచ్చి, ఇంటివాళ్ళమే భోజనాలకు బంతిగా కూర్చున్నాం. బంతిలో పెద్దవాడు లేచేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఆయన్ని అవమానించినట్టే.

మా మేనత్త నీళ్ళు పోస్తోంది. మెట్ల మీంచి సన్నగా పొగ వచ్చింది. పెరట్లో పొయ్యి ఆర్పలేదేమో అనుకున్నాం. అత్త మాత్రం వాసన పట్టి, "ఇది కట్టెల పొగ కాదు. వల కాల్తంది. లెగండి!" అంది.

చిన్నాన్న అక్కను చూసి నవ్వాడు. "ఏటప్పా, పులుసులో ఉప్పెక్కువైందని లేపేత్తన్నావా?"

"సచ్చిపోతార్రా, లెగండ్రా!"

"అయ్య తింతన్నాడు, కనబడట్నేదా?" అన్నాడు మా నాన్న.

నా కళ్ళు మండుతున్నాయి. అయినా నేను పొగను చూడలేదు, తాత ముఖం చూశాను. తాత ముద్ద కలుపుతున్నాడు. అయితే భయం లేదనుకుని నేనూ కలిపాను. అత్త నా రెక్క పట్టి లాగితే విదిలించుకున్నాను కూడా. తాతేమో మా ముఖాలు చూశాడు. ఎవరూ బెదరలేదు కదా అని ఆయనా తింటున్నాడు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

అత్త బిందె ఎత్తి తాత విస్తరిలో గుమ్మరించింది. అన్నం కొట్టుకుపోయింది. తాత లేచి ఆమె చెంప పగలగొట్టాడు. తాత లేచాడు గనక అందరం లేచాం. ఆమెకు కావలసింది అదే. చెంపయినా తడుముకోకుండా మమ్మల్ని మెట్ల మీదికి తోసింది.

కిందికొచ్చి చూస్తే తాత లేడు. అందరూ దిగాక దిగుదామని ఆగాడు. మెట్లు పొగతో మూసుకుపోతే, వెనక కిటికీలోంచి ఇసుక గుట్ట మీదికి దూకి, సందు చుట్టూ తిరిగి వచ్చాడు. అది మాకు తెలియదు. "అయ్యేడీ?" అంటూ అత్త మళ్ళీ పైకి పరుగెత్తింది. ఆపాలా వద్దా అని మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంతలో తాత వచ్చాడు. అత్త రాలేదు.

తాత మరి ఏ బంతిలోనూ కూర్చోలేదు. గోడవైపు తిరిగి ఒక్కడే తినేవాడు.

ఇప్పుడు మధురవాడలో మా అబ్బాయి అపార్టుమెంటులో ఉంటున్నాను. ఫైర్ అలారం మోగితే అందరూ తలుపులు తీసి పక్కవాళ్ళ ముఖాలు చూస్తారు. నేను మనవరాలి చెయ్యి పట్టుకుని దిగిపోతాను. చాదస్తం అంటారు. అననీ. కింద నిలబడి పేరు పేరునా పిలుస్తాను. ఎవరైనా పలకకపోతే వెనకవైపు చూడమంటాను, పైకి మాత్రం పోనివ్వను.

ముసలితనంలో నేర్చిన అక్షరాలతో ఆ రోజు అక్కడున్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. తాత నూకరాజు. నాన్న అప్పలరాజు. అమ్మ పోలమ్మ. చిన్నాన్న ఎల్లాజీ. తమ్ముడు సింహాద్రి. నేను. మా అత్త ఎర్రమ్మ.