నిప్పు తాకని పాలు

ఎనభైల్లో చర్ల దగ్గరి ఒక చిన్న దవాఖానాలో ఒక ఆయమ్మ పనిచేసేది. వేరే బిడ్డ కోసం పాలు పిండి ఇచ్చిన తల్లిని స్టవ్ పక్కన కూర్చోబెట్టుకోనిదే ఆ పాలు వేడిచేసేది కాదు. "నీ కండ్లతోని చూడు" అనేది. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

మా అక్క కాన్పు తర్వాత జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉంది. మూడు రోజుల పసివాడికి రొమ్ము చీకే ఓపిక కూడా పోయింది. పక్క మంచం మీది బాలింత జాలిపడి గ్లాసులోకి తన పాలు పిండింది. గ్రంథాలయంలో సూక్ష్మజీవుల గురించి చదివినవాణ్ణి కదా, ఊరుకోలేదు.

"పొయ్యి మీద కాచి పట్టాలమ్మా, క్రిములు చస్తయి" అన్నాను.

ఆమె గ్లాసు వెనక్కి లాక్కుంది. "నా పాలు నిప్పుల మీద పెడ్తవా? నా రొమ్ములు ఎండిపోవా?"

"నీ సదువు జర పక్కకు పెట్టు తమ్మీ" అని ఆయమ్మ నన్ను కసిరింది. బాలింతను స్టవ్ పక్కన కూర్చోబెట్టుకుని, గ్లాసు అందుకుని పాలను గాజు సీసాలో పోసి, నీళ్ల గిన్నెలో నిలబెట్టి స్టవ్ వెలిగించింది. "నిప్పు మీద ఉన్నయి నీళ్లే చెల్లె. నీ పాలకు మంట తాకదు."

నీళ్లు తెర్లి బుడగలు రాగానే సీసా బయటికి తీసింది. చల్లార్చి చెంచాతో పోస్తే పసివాడు గుటక వేశాడు.

తర్వాత అడిగాను. "నువ్వు గూడ నమ్ముతవా ఆయమ్మా, పాలు ఎండిపోతయని?"

"ఎండవని నీ పుస్తకంల రాసున్నదా?"

గుర్తు చేసుకున్నాను. క్రిముల గురించి చాలా ఉంది. పాలిచ్చే మనిషి గురించి ఒక్క ముక్క లేదు. "లేదు" అన్నాను.

"మరి ఆ పాలిచ్చినామెకు గూడ సంటిపిల్ల ఉన్నది గద. ఎండితే దాని గతేంది?" అంటూ ఆయమ్మ సీసా కడగడానికి వెళ్లిపోయింది.