నురగకు పెట్టిన గీత

మా తాత బుచ్చిరాములుకు అనుమానం ఆకలి లాంటిది. వేళకు పుట్టేది. సిద్దిపేట శివారులో తాటిచెట్లు గీసి కల్లు దించేవాడు. దారిన పోయే ప్రతి మనిషీ తన కల్లు లొట్టి వైపే చూస్తున్నాడని ఆయన నమ్మకం. పంతొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఆ అనుమానం ఊళ్లో తిరగడం మాని ఇంట్లోనే కూర్చుంది. భార్య సిద్ధమ్మ మీద.

ఆయన గీసి తెచ్చిన కల్లును సిద్ధమ్మ ఇంటి ముందరి పందిట్లో ముంతలతో పోసి అమ్మేది. ఆమె గొంతెత్తి పిలిస్తే వీధి చివర మేక కూడా తిరిగి చూసేది. అలాంటి గొంతు అంతకు ముందటి చలికాలం నుంచి బొంగురుపోయింది. ముఖం ఉబ్బింది, కనురెప్పలు బరువెక్కాయి, నాలుక మందమై మాట సాగింది. లేచి నడిస్తే తూలేది. ముంత చేతిలో ఉండగానే కునికేది. కల్లు అమ్మే మనిషి అలా ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

"మనకు పోసుడు తక్కువ, తాను తాగుడు ఎక్కువున్నట్టుంది గీ అక్కకు," అన్నాడు రోజూ వచ్చే రాజనర్సు. పందిరంతా నవ్వింది.

పెళ్లయిన పదిహేనేళ్లలో సిద్ధమ్మ కల్లు ముట్టలేదని బుచ్చిరాములుకు తెలుసు. అయినా ఆ సాయంత్రమే ఆమె ముందు కూర్చున్నాడు.

"ఏదే, ఊదు."

ఆమె ఊదింది. కల్లు వాసన వచ్చింది. ఆ ఇంట్లో దూడ ఊదినా కల్లు వాసనే వస్తుందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"నేను... ముట్టలే," అంది సిద్ధమ్మ. ఆ రెండు మాటలు బయటికి రావడానికి బావిలోంచి చేద పైకి వచ్చేంత సేపు పట్టింది. అంత ఆలస్యంగా వచ్చిన మాట అబద్ధంలాగే వినిపించింది.

"నేను ముందుగాల్నే చెప్పిన గదా కొడుకా," అంది ఆయన తల్లి బాలవ్వ. "పెయ్యి, మొకం ఎట్ల పొంగినయో చూడు. చిన్నకోడూరు తోల్కపోయి వాళ్ల అవ్వ కాడ ఇడిచిపెట్టి రా. కొండపాకల మంచి పిల్ల ఉంది."

"రుజువు దొరకనియ్యి అవ్వా."

మర్నాడు పొద్దున్నే ఒక లొట్టి నిండా కల్లు తెచ్చాడు. ఎంతవరకు నిండిందో అక్కడ లోపలి వైపు కత్తి మొనతో గీత గీశాడు. "గిది పటేలింటికి పంపాలె, ఎవ్వలు ముట్టద్దు," అని చెప్పి పోయాడు. మధ్యాహ్నం వచ్చి చూస్తే కల్లు నాలుగు వేళ్లు దిగింది.

"దొరికింది గదా!" అంది బాలవ్వ.

"రేపు కండ్లార చూస్త. ఎల్లుండి బండి కడ్త," అన్నాడు బుచ్చిరాములు.

మర్నాడు మళ్లీ లొట్టి నింపి గీత గీశాడు. ఇంటి వెనకాల అన్నిటికంటే పొడుగైన తాటిచెట్టెక్కి, మోకు బిగించుకుని మట్టల చాటున కూర్చున్నాడు. అక్కడి నుంచి వాకిలి పళ్లెంలా కనిపిస్తుంది. రోహిణి కార్తె ఎండ. ఆయన ఉడికిపోతున్నాడు గాని లొట్టి మీది నుంచి చూపు తిప్పలేదు.

సిద్ధమ్మ బయటికి వచ్చింది. ఆమె లొట్టి వైపు పోలేదు. గొంగడి ఈడ్చుకొచ్చి నడి వాకిట్లో ఎండలో కూర్చుని, చెవులదాకా కప్పుకుని వణకసాగింది. తాగిన వాళ్లను బుచ్చిరాములు కంటే ఎక్కువ చూసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. తాగినవాడు అంగీ విప్పుతాడు. గొంగడి కప్పుకోడు.

పొద్దు వాలేదాకా లొట్టిని ఎవరూ ముట్టలేదు. దిగివచ్చి చూస్తే కల్లు గీతకు నాలుగు వేళ్ల కిందే ఉంది. పొద్దున గీత దగ్గర ఉన్నది నురగ! నురగ అణిగింది, అంతే. ఇరవై ఏళ్లుగా కల్లు గీస్తున్న మనిషి నురగకు గీత పెట్టాడు. ఈ సంగతి ఆయన నోటి నుంచి బయటపడడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, అదీ రెండు ముంతలు ఎక్కువైన రోజున.

అన్నట్టే మూడో రోజు బండి కట్టాడు. సిద్ధమ్మ రెండు చీరలు మూట కట్టుకుని ఒడిలో పెట్టుకుంది. చిన్నకోడూరు బాట వచ్చింది. ఎద్దులు అటు తిరగలేదు.

"ఎటు?" అంది.

"దవాఖానకు."

ఆమె మూటను ఒడిలోంచి తీసి పక్కన పెట్టింది.

డాక్టరు ఆమె మెడ తడిమాడు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు లేచింది గాని దిగడానికి తొందరపడలేదు.

"తాగుడు గాదు. అందరికి గొంతుల చిన్న గడ్డ ఉంటది. దాంట్ల రసం ఊరాలె. ఈమెకు ఊరుత లేదు."

"తాటిచెట్టు ఎండినట్టా సాబ్?"

"బస్, అంతే. మనమే బయట నుంచి పొయ్యాలె. గొర్రె గొంతుల గడ్డ ఎండబెట్టి చేసిన గోలీలు పట్నం నుంచి తెప్పిస్త. బతికినన్ని దినాలు మింగాలె."

గొర్రె అనగానే బుచ్చిరాములుకు అనుమానం మళ్లీ లేచింది. గోలీలు రాగానే ముందు తానొకటి మింగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాడు. మే మే అనలేదని తేలాక ఆమెకు ఇచ్చాడు.

దసరా నాటికి సిద్ధమ్మ ముఖం వాపు దిగింది. గొంగడి దండెం ఎక్కింది. బాలవ్వ కొండపాక పిల్ల మాట ఎత్తడం మానేసింది. ఒక సాయంత్రం బుచ్చిరాములు లొట్టి దించి పందిట్లోకి వచ్చేసరికి రాజనర్సుతో సహా అందరూ ఉన్నారు. సిద్ధమ్మ ముంత పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏదయ్యా, ఊదు!"

వీధి చివర మేక తిరిగి చూసింది. బుచ్చిరాములు కిక్కురుమనకుండా ఊదాడు.