నా స్కర్టు గుడ్డ మీద యాభై నక్షత్రాలు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున, నాచారంలో మా వసారాలో అమ్మ కుట్టుమిషను ముందు పాత అమెరికా జెండా పరుచుకుని కూర్చుంది. నాకప్పుడు పదేళ్లు.

నాయిన ఉప్పల్ దగ్గర ఒక ల్యాబులో స్టోర్సు గుమాస్తా. మర్నాడు అమెరికా సైంటిస్టులు వస్తున్నారు... గేటు దగ్గర మన జెండా పక్కన వాళ్లదీ ఎగరాలి. స్టోర్సు బీరువాలో దొరికింది చేత్తో కుట్టిన పాతది, నలభై ఎనిమిది నక్షత్రాలది. వాళ్లకు రాష్ట్రానికో నక్షత్రం. ఈమధ్యే ఇంకో రెండు రాష్ట్రాలు చేరాయట. మా ఇంట్లో సరిచేస్తారని నాయిన ఆఫీసరుకు మాటిచ్చేసి వచ్చాడు.

"మన తాన రాష్ట్రాలెన్ని మారినా జెండ మారలే. వీళ్లకేందీ తిప్పలు," అంటూనే అమ్మ తెల్లగుడ్డ కత్తిరించి, నీలంగుడ్డ కింది అంచున రెండు నక్షత్రాలు, వెనక వైపు కూడా అదే చోట రెండు ఇరికించేసింది. అయిపోయిందని చేతులు దులుపుకుంది.

నా నోరు ఊరుకుంటేగా! ల్యాబుకొచ్చే కవర్ల మీది స్టాంపులు దాచేదాన్ని నేను. ఒకదాని మీద కొత్త జెండా ఉంది... తెచ్చి చూపించాను. అమ్మ ముందున్న పాతదానిలో వరుసకు ఎనిమిది నక్షత్రాలు. స్టాంపు మీద ఒక వరుసలో ఆరు, దాని కింద సందుల్లో అయిదు, మళ్లీ ఆరు...

అమ్మ స్టాంపును కళ్ల దగ్గర పెట్టుకుంది. "గిది సందు చుక్కల ముగ్గే కదనే," అంది.

ఎవరు లెక్కపెడతారులే, వదిలేయమన్నాడు నాయిన. అమ్మ వినలేదు.

"మాటిచ్చింది నువ్వు. కుట్టే చెయ్యి నాది."

రెండు వైపులా నక్షత్రాలన్నీ విప్పింది. తీరా చూస్తే నీలం వెలిసిపోయి, నక్షత్రాలున్న చోట మాత్రం ముదురుగా గుర్తులు... ఆ గుడ్డ ఇక పనికిరాదు. ఆదివారం దుకాణాలు లేవు. అమ్మ చూపు నా ట్రంకుపెట్టె మీద పడింది. అందులో నా కొత్త యూనిఫాం స్కర్టు కోసం తెచ్చిన నీలంగుడ్డ ఉంది.

ఏడ్చాను. ఎందుకు చెప్పానురా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అమ్మ నా చేతిలో సుద్దముక్క పెట్టింది.

"తప్పు పట్టింది నువ్వే గద బిడ్డా. చుక్కలు నువ్వే పెట్టు."

ముక్కు ఎగబీలుస్తూనే పెట్టాను... ఆరు, అయిదు, ఆరు, అయిదు. పొద్దుగూకేలోపు అమ్మ కుట్టేసింది.

సోమవారం అతుకుల పాత స్కర్టులోనే గేటు దగ్గర నిలబడ్డాను. దొరలు కార్లు దిగి లోపలికి వెళ్లిపోయారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నాకు ఒళ్లు మండింది. పట్టుదలగా నేనే లెక్కపెట్టాను. సరిగ్గా యాభై.

ఆ పాత నీలంగుడ్డతో అమ్మ నాకు పుస్తకాల సంచి కుట్టింది. ఇప్పుడు ఏ దేశం జెండా అయినా ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికొస్తుంది... సంచి ఇంకా నా దగ్గరే ఉంది. గుర్తులు మాత్రం కలిసిపోతున్నాయి, మొన్న వెతికితే పదకొండే కనిపించాయి.

మీ అమ్మలు మీ బట్టల్లోంచి ఏం కత్తిరించారు? ఆ ముక్క దాచుకున్నారా?