అమ్మ నన్ను అడిగిందా

అమ్మ పోయిన రెండేళ్ళకు మా చెల్లిని పాము కరిచింది. చెల్లిది కోటబొమ్మాళి దగ్గర పల్లె. వరిచేలో కలుపు తీస్తుంటే మడమ మీద కాటు పడింది. శ్రీకాకుళంలో ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి ఆడటం లేదు. గుండె కూడా కాసేపు ఆగిపోయిందని, ఛాతీ అదిమి అదిమి మళ్ళీ కొట్టుకునేలా చేశామని డాక్టరు చెప్పారు. మూడు రోజులు మిషను మీద ఉంచారు. ఆ మూడు రోజులూ ఏ దేవుడికి ఏం మొక్కానో నాకే గుర్తులేదు. అది బతకాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత నాలో పుట్టిన బుద్ధి మంచిది కాదు.

గొంతులో గొట్టం తీసిన మర్నాడు చెల్లి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది. గొంతు బొంగురు పోయింది. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు.

"అప్పా, అమ్మని సూసినాను."

జ్వరంలో పలవరిస్తోందనుకున్నాను.

"నిజివే అప్పా. తెల్లగా ఎలుతురు. అమ్మ అరుగు మీద కూకుని జుత్తు ముడేసుకుంతంది. రెండు సేతులూ బాగున్నాయి."

ఆ రెండు చేతుల మాట దగ్గరే నాకు గుండెలో కలుక్కుమంది. పక్షవాతం వచ్చాక అమ్మ నాలుగేళ్ళు నరసన్నపేటలో మా ఇంట్లోనే ఉంది. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. పొద్దున్నే చోడంబలి పట్టించి, ఆ చేతికి నూనె రాసి, జుత్తు నేనే ముడి వేసి, అప్పుడు బడికి బయలుదేరేదాన్ని. చెల్లి పండక్కో పబ్బానికో వచ్చి వెళ్ళేది. అమ్మ పోయిన రోజు మాత్రం అదే పక్కనుంది. ఆ వేళకి నేను బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతున్నాను. ఆఖరి చూపు దానికే దక్కింది. ఇప్పుడు ఇది కూడా.

"ఏటి సెప్పింది?" అని అడిగాను.

"ఏటీ సెప్పనేదప్పా. నన్ను సూసి, ఎల్లిపో అన్నట్టు సెయ్యూపింది. అంతే."

"నా గురించి అడిగిందా?"

చెల్లికి అబద్ధం చెప్పడం రాదు. "నేదప్పా," అంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "మెదడుకి గాలి అందనప్పుడు అలాటివి కనిపిస్తాయట. ఎక్కడో సదివేను," అన్నారు. నేనూ పిల్లలకు సైన్సు చెప్పేదాన్నే. పరలోకం మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆయన మాట నాకు ఎక్కలేదు. అక్కడ ఏమీ లేదని నమ్మి ఉంటే, ఇంతలా ఎందుకు కుళ్ళుకుంటాను?

నాలుగేళ్ళు చాకిరీ చేసిన నాకు అమ్మ కలలో కూడా కనిపించలేదు. అమ్మ వాడిన దుప్పటి కప్పుకుని పడుకున్నా కనిపించలేదు.

చెల్లి ఇంటికి జనం రావడం మొదలైంది. ఓ ఆదివారం నేను వెళ్ళినప్పుడు, భావనపాడు నుంచి చేపలు తెచ్చి అమ్మే ముసలామె గంప దించి దాని ముందు కూర్చుని ఉంది. ఆమె భర్త సముద్రంలో వేటకెళ్ళి తిరిగిరాలేదట.

"మా ముసిలోడు గాని అవుపించేడేటి బుగ్గా, సెప్పు తల్లీ?"

"నేదమ్మా. మా అమ్మ తప్ప ఎవులూ నేరు."

ముసలామె తలాడించి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను మాత్రం చెల్లి అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. మా అమ్మ. మన అమ్మ అనలేదు. ఆ ముసలామెతో అలాగే అంటారని తెలిసినా, ఆ రోజు దాని ఇంట్లో అన్నం తినకుండా బస్సెక్కేశాను.

మరుసటి ఏడు నాకు పిత్తాశయంలో రాళ్ళున్నాయని, ఆపరేషను చెయ్యాలని అన్నారు. మా ఆయన భయపడ్డారు. నేను భయపడలేదు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నాలో ఆశ పుట్టింది. మత్తు ఇచ్చే డాక్టరు ఒకటి నుంచి లెక్కపెట్టమన్నారు. లెక్కకు బదులు లోపల్లోపల, "అమ్మా, ఒక్కసారి రాయే," అనుకున్నాను.

"అయిపోయిందమ్మా, కళ్ళు తెరవండి," అని నర్సు చెంప తట్టింది. మధ్యలో ఏమీ లేదు. చీకటైనా లేదు.

పక్కన చెల్లి కూర్చుని ఉంది. తడిగుడ్డతో నా పెదాలు అద్దుతోంది. దాని ముఖం చూడగానే నోట్లోంచి మాట జారిపోయింది.

"నాకూ అమ్మ అవుపించింది."

దాని చెయ్యి ఆగింది. "ఏటంది?"

"శానా మాటాడింది."

"నీతో మాటాడిందేటి?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాతో ఒక్క మాటా ఆడనేదప్పా. ఎల్లిపొమ్మంది. నేనంటే దానికి కోపవే. అంతా నీకే ఒగ్గీసి తన కాడికి రానేదని కోపం. నువ్వు సాకిరీ సేసినావు గాబట్టి నీతో మాటాడింది."

ఏడాది పాటు నాలో రగిలినదే దాని ముఖంలో చూశాను. ఒక్క క్షణం హాయిగా అనిపించింది, అబద్ధమాడను. ఆ వెంటనే కడుపులో కుట్లకంటే ఎక్కువగా నొప్పి పుట్టింది.

"కోపం లేదే," అన్నాను. "నీ గురించే అడిగింది. కాలు తగ్గిందా, చేలోకెళ్తే చెప్పులేసుకుంటందా అని."

చెల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకుముందు అమ్మ పోయినప్పుడు కూడా అది అలా ఏడవలేదు.

నిజం చెప్పేద్దామని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడది కొత్త చెప్పులు వేసుకుని పొలానికి వెళ్తోంది. తను చూసినదాని గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి, "మా అప్పతోటి అయితే మాటాడింది," అని నా కథే అందరికీ చెబుతోంది. జనం నన్ను వెతుక్కుంటూ మా బడి దాకా వస్తున్నారు. మీ అమ్మ ఎలా ఉందమ్మా అని అడుగుతారు. రెండు చేతులూ బాగున్నాయని చెబుతాను. అది మా చెల్లి చూసింది, నేను చూడలేదు. చెప్పిన ప్రతిసారీ దాని మీద నాకు కుళ్ళు పుడుతూనే ఉంది.