లోయలోంచి ఆయ్ అన్నారు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోరు పడిపోవాలి. బైబిలు పట్టుకుని చెప్పమన్నా చెప్తాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. దాన్ని ఏమీ కలపొద్దన్నాను... ఏమీ తీసెయ్యొద్దన్నాను.

మాది రాజోలు దగ్గర తాటిపాక. మా ఆయన కువైట్ నుంచి వచ్చేశాక ఒక పాత జీపు కొన్నారు. కొండలెక్కే సరదా ఉన్న కాలేజీ పిల్లల్ని మారేడుమిల్లి అవతల అడవిలోకి తీసుకెళ్లేవారు. తారు రోడ్డు అయిపోయాక అన్నీ రాళ్లు, బురద, వాగులు. జీపు ఇంక ఎక్కలేని చోట పిల్లలు దిగి నడక మొదలుపెడతారు. ఈయన అక్కడే జీపులో పడుకుని, మర్నాడు వాళ్లు కొండ దిగాక వెనక్కి తీసుకొస్తారు. అదీ ఆయన పని.

ఆసారి పిల్లలు దిగి వచ్చేసరికి జీపు ఉంది. తలుపు తీసి ఉంది. ఆయన చెప్పులు లోపలే ఉన్నాయి. ఆయన లేరు.

నాకు ఫోనొచ్చేసరికే ఆయన జీపులో పడుకున్న రాత్రి గడిచిపోయింది. ఇవాళ చీకటి పడేదాకా వెతుకుతాం, మీరు రేపు పొద్దున్న రండమ్మా అన్నారు పోలీసులు. రేపు పొద్దున్నా... ఇంకో రాత్రి ఆయన ఒక్కరూ అక్కడ ఎలా ఉంటారు? నాకు కాలు నిలవలేదు. మా మరిది బుజ్జిని బయల్దేరదీశాను. బుజ్జి అమలాపురంలో ఆటో తోలతాడు. స్నేహితుడి జీపు అడిగి తెచ్చాడు. ఫ్లాస్కులో టీ పోసుకున్నాను. పొడి లుంగీ, దుప్పటి పెట్టుకున్నాను. ప్రాణాలతో దొరుకుతారనే పెట్టుకున్నాను.

మా కోనసీమలో ఎత్తంటే కాలవగట్టే. బుజ్జి కొండ రోడ్డు ఎరగడు. తారు రోడ్డు అయిపోయే చోట టీ కొట్టు ఉంటే ఆగి దారి అడిగాం. అప్పటికే మసకపడింది. కొట్టావిడ వాడిని ఎగాదిగా చూసింది.

"ఈ దారిలో ఎప్పుడైనా తోలావా బాబూ?"

"ఆయ్, లేదండి."

"ఆయ్ అంటావు, లేదంటావు. ఏదో ఒకటి చెప్పు."

"మా వైపు అంతేనండి. లేదని చెప్పాలన్నా ముందు ఆయ్ అంటాం."

ఆవిడ నవ్వింది. మధ్యలో బండి తిప్పుకోడానికి చోటుండదు, ఎక్కితే పైదాకా వెళ్లాల్సిందే అని చెప్పింది.

ఎక్కాం. కింద రాళ్లు డబ్... డబ్ మని కొడుతున్నాయి. కొమ్మలు రేకుని బర్రున గీరుతున్నాయి. ఒక పక్క కొండ. ఇంకో పక్క ఏమీ లేదు.

"ఈ రోడ్డేసినోడు సగంలో అలిగి ఇంటికెళ్లిపోయేడు వదినా."

"నీ వేళాకోళం తగలెయ్య! ఎదర చూడు."

"చూత్తన్నానండి... కనపడితే కదా."

ఎంతసేపు పట్టిందో తెలియదు. ఒక మలుపు తిరగ్గానే లైట్ల వెలుగులో మా జీపు కనపడింది. వెనక అద్దం మీద మా అమ్మాయి పేరు. వెతికేవాళ్లందరూ దిగిపోయినట్టున్నారు, మనిషన్నవాడు లేడు. బుజ్జి ఇంజను ఆపాడు.

అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. మా ఊళ్లో ఎంత రాత్రయినా కప్పలుంటాయి, కొబ్బరాకుల చప్పుడుంటుంది, రోడ్డు మీద లారీలుంటాయి. ఇక్కడ పురుగు కూడా కూయడం లేదు. వేడెక్కిన ఇంజను మాత్రం టిక్... టిక్... అంటోంది. అదీ ఆగిపోయింది.

ఆయన్ని నేను పేరుపెట్టి ఎప్పుడూ పిలవలేదు. మా ఇళ్లల్లో పిలవరు. ఆ చీకట్లో కూడా నాకు పేరు నోటికి రాలేదు.

"ఏవండీ..." అని అరిచాను.

ఏమీ లేదు.

"ఏవండీ...!"

"ఆయ్."

కుడిపక్క. లోయలోంచి. గట్టిగా కాదు... పక్కగదిలో ఉన్న మనిషి పలికినట్టు.

బుజ్జి నా మోచెయ్యి పట్టుకున్నాడు. 

"విన్నారా వదినా?"

"విన్నాను."

"అన్నయ్యే! అన్నయ్యే వదినా!"

ఆ అడవిలో ఆయ్ అనేవాళ్లు ఇంకెవరుంటారు? ఇద్దరం ఫోను లైటు వేసుకుని, చెట్ల వేళ్లు పట్టుకుని దిగాం. కాళ్ల కింద ఆకులు జారిపోతున్నాయి. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

"దెబ్బ తగిలిందాండీ?"

"ఆయ్."

"కదలగలరా?"

"ఆయ్."

"వచ్చేస్తున్నామండీ. అక్కడే ఉండండి."

"ఆయ్."

ఎంత దిగినా ఆ గొంతు అంతే దూరంలో ఉంది. దగ్గరవదు... దూరమూ అవదు. అప్పుడు నాకు తట్టింది. తట్టగానే కాళ్లు ఆగిపోయాయి.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో ఒక్కసారి కూడా ఆయ్ అనలేదు. ఆ మాట పెద్దవాళ్లకి, బేరానికొచ్చినవాళ్లకి. పెళ్లానికెవరంటారు? నేను పిలిస్తే "ఏంటే" అంటారు. విసుగ్గా ఉంటే "చెప్పి తగలడు" అంటారు. ఆ లోయలోంచి ఒక్కసారి "చెప్పి తగలడు" అని ఉంటే, నేను దొర్లుకుంటూ అయినా వెళ్లిపోయేదాన్ని.

బుజ్జికి చెవిలో చెప్పాను.  వాడు కిందకి వంగి అరిచాడు.

"అన్నయ్యా! ఇంటికి పెద్దక్క వచ్చిందా?"

వాళ్లకి అక్క లేదు. వాళ్లిద్దరే అన్నదమ్ములు.

"ఆయ్."

అదే గొంతు. అంతే మర్యాద.

అయినా దాన్నిబట్టి ఏం తేలుతుంది? తెలివి తప్పిన మనిషికి ఎవరు పిలుస్తున్నారో తెలుస్తుందా? ఎవరో బేరం వాళ్లనుకుని పలుకుతున్నారేమో. మావాళ్లు నిద్రలో కూడా ఆయ్ అంటారు. అందుకని నేనే అడిగాను.

"ఏవండీ... నా పేరు చెప్పండి."

ఏమీ లేదు. చాలాసేపు... ఏమీ లేదు. ఎక్కడో నీటిబొట్టు ఆకు మీద పడింది. టప్. మళ్లీ... టప్.

"ఆయ్."

పైనుంచి. మా వెనకనుంచి. మేము జీపు ఆపిన చోటునుంచి.

ఎలా ఎక్కామో నాకు గుర్తులేదు. పైన ఎవరూ లేరు. రెండు జీపులూ ఉన్నాయంతే. గొంతు పోయేదాకా పిలిచాను. మళ్లీ పలకలేదు. బండి తిప్పే ధైర్యం బుజ్జికి లేదు. అద్దాలు ఎత్తేసుకుని కూర్చున్నాం. వాడు ప్రార్థన చేసి, చివర ఆమెన్ అనడానికి కూడా భయపడ్డాడు. ఎవరైనా పలుకుతారేమోనని.

తెల్లారాక పోలీసులు, కొండ ఊరివాళ్లు వచ్చారు. ఆయన కుడిపక్క లోయలోనే దొరికారు. మేము ఆగిన చోటునుంచి ఇంకో కొబ్బరిచెట్టంత కిందకి. అంతే. మా కాళ్లు జారిన గుర్తులు వాళ్లే నాకు చూపించారు.

"ఎప్పుడు పోయారు బాబూ?" అని పెద్దాసుపత్రిలో డాక్టరుగారిని అడిగాను. "మొదటి రాత్రే కావచ్చు, నిన్న రాత్రీ కావచ్చు. కచ్చితంగా చెప్పలేమమ్మా" అన్నారు. కాళ్లు పట్టుకుని అడిగాను. అదే చెప్పారు.

మొదటి రాత్రే పోయి ఉంటే, నాతో పలికింది ఎవరు? మేము వెళ్లిన రాత్రి పోయి ఉంటే... నేను అంత దగ్గర నిలబడి, పేరు చెప్పమని పరీక్ష పెట్టి, పైకి ఎక్కి వచ్చేశానా?

చెప్పులు కూడా వేసుకోకుండా ఆయన అసలు అంత కిందకి ఎందుకు దిగారో ఎవరూ చెప్పలేదు. ఆయన్ని ఎవరు పిలిచారో... ఎవరికి ఆయ్ అని చెప్పి వెళ్లారో.

బుజ్జి ఇప్పుడు మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినప్పుడల్లా నేను అదే అడుగుతాను. తాగకపోతే, "అది అన్నయ్య కాదు వదినా, ఒట్టు" అంటాడు. తాగి వస్తే గుమ్మంలోనే కూలబడి, "అన్నయ్యే వదినా... మనమే పైకి వచ్చేశాం" అని ఏడుస్తాడు. వాడు ఎప్పుడు నిజం చెప్తున్నాడో నాకు తెలియదు. ఏది నిజమైతే బావుండునో... అదీ తెలియదు.