మూడేళ్ళ గేట్ పాసు

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంతటి మర్యాద దక్కేది నాన్న గేట్ పాసుకే. ఆ రోజులంటే మరీ తాతలనాటివి అనుకునేరు, చేతిలో ఫోనూ ఫోన్లో పాఠాలూ అన్నీ ఉన్న రోజులే, ఎనిమిదేళ్ళ కిందటి మాట. కానీ ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నేను నాకే ఎవరో పక్కింటి పిల్లలా కనిపిస్తుంది. నాన్న పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద కలాసీ. అంటే క్రేన్ కొక్కేనికి తాళ్ళూ గొలుసులూ తగిలించి, ఈల వేసి, చేతులు ఊపి, బరువుని పైకి లేపించే మనిషి. ఆ పనికి లోపలికి వెళ్ళాలంటే మెడలో ఫొటో ఉన్న గేట్ పాసు ఉండాలి, దాని గడువేమో మూడు నెలలు. గడువు అయిపోయే వారం ముందు నుంచీ మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, టీవీ పెట్టకూడదు, మాడిన కూరకి వంక పెట్టకూడదు. కొత్త పాసు చేతికొచ్చిన సాయంత్రం మాత్రం రొయ్యల ఇగురు. నా చిన్నతనమంతా ఏడాదిని నెలలతో కాకుండా రొయ్యల ఇగురుతోనే లెక్కపెట్టుకున్నాను (ఏడాదికి నాలుగు).

అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని గేట్ అనే పరీక్ష రాయాల్సి రావడం నా ఖర్మ. బి.టెక్. అయినవాళ్ళు ఎం.టెక్. చదవాలంటే రాయాల్సిన ప్రవేశ పరీక్ష పేరు గేట్. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చుని దానికి చదివాను. "ఏటే సదువుతన్నావు?" అని నాన్న అడిగితే "గేట్‌కి నాన్నా" అన్నాను, అంతే. అంతకన్నా వివరంగా చెప్పకపోవడానికి నా పొగరే కారణం. థర్మోడైనమిక్స్ గురించి కలాసీకి ఏం చెబుతాంలే అనుకునే వయసు అది. నాన్నకి మాత్రం అంతా అర్థమైపోయింది. పోర్టులో పాసు ఇచ్చే ముందు కూలీలందరికీ ఒక పూట సేఫ్టీ క్లాసు చెప్పి, పది ప్రశ్నలు అడుగుతారు. నేను చదువుతున్నది ఆ పరీక్షకే అనుకున్నాడు. "బయపడకే గుంటా, అదేటంత పెద్ద పరీచ్చ కాదు. హెల్మెట్ ఎప్పుడెట్టుకోవాలి అంటారు, ఎప్పుడూ అని సెప్పీ. ఏలాడతన్న బరువు కింద నిలబడొచ్చా అంటారు, కూడదని సెప్పీ. అంతే, పాసు" అన్నాడు. నేను జోకనుకుని నవ్వాను, నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత వరండాలో అమ్మతో అన్నాడట, "పది ప్రశ్నలకి ఏడాది సదువుతాదేటే ఇది? కాలేజీలో ఏటి నేర్పినారో మరి!"

ఫలితాలు వచ్చిన పొద్దున్న నేను వంటింట్లోకి పరిగెత్తి "అమ్మా, గేట్ పాసైపోయాను!" అని అరిచాను. అమ్మ అంతకంటే గట్టిగా, పెరట్లో పళ్ళు తోముకుంటున్న నాన్నకి వినబడేలా, "ఇదిగో, గుంటకి గేట్ పాసైపోనాదంట!" అని అరిచింది. నాన్న నోట్లో నురగతోనే లోపలికి వచ్చేశాడు. (అక్కడి నుంచి జరిగిన సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఎందుకంటే అందులో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.)

"నిజంగా ఒచ్చీసినాదా?"

"ఒచ్చీసింది నాన్నా."

"ఏ డిపాట్‌మెంటు?"

"మెకానికల్."

"ఫొటో తీసినారా? ఏలిముద్ర?"

"పరీక్ష రోజునే తీసుకున్నారు కదా."

"ఎన్నాళ్ళకిచ్చినారు మరి?"

గేట్ స్కోరు ఎన్నాళ్ళు చెల్లుతుందని అడుగుతున్నాడు కాబోలు, ఎంత తెలివైన ప్రశ్న వేశాడు అని లోపల మెచ్చుకుంటూ "మూడేళ్ళు" అన్నాను. నాన్న చేతిలో బ్రష్ జారిపోయింది. "మూడేళ్ళా! ఒక్కపాలేనా! ముప్పయ్యేళ్ళబట్టీ గొలుసులు తగిలిత్తన్నాను, నాకు మూణ్ణెల్లకి మించి ఎవుడూ ఇవ్వలేదే!" అని అమ్మ వంక చూశాడు. నాన్న కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి. నేను కూడా ఏడ్చాను. అమ్మ ఇద్దర్నీ చూసి ఏడ్చింది. ఆ సాయంత్రం, పాసు రోజు కాకపోయినా, రొయ్యల ఇగురు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను రాణీలా బతికాను. "ఎప్పుడు రమ్మన్నారే?" అని నాన్న అప్పుడప్పుడూ అడిగేవాడు. కౌన్సెలింగ్ అవ్వాలి నాన్నా, ఇంకా పిలవలేదు అనేదాన్ని. "పిలుత్తార్లే, మూడేళ్ళ పాసాయె, నిదానంగానే పిలుత్తారు" అని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు. చివరికి మా ఊళ్ళోనే యూనివర్సిటీలో ఎం.టెక్. సీటు వచ్చింది. సోమవారం వచ్చి చేరాలన్నారు, ఆ రోజు దాటితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. "నాన్నా, సోమవారం రమ్మన్నారు" అని మంగళవారం పొద్దున్న చెప్పాను. సాయంత్రానికి నాన్న ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. విప్పితే నల్లటి సేఫ్టీ బూట్లు, బొటనవేళ్ళ దగ్గర లోపల ఇనుప రేకు, ఒక్కోటి కిలో బరువు. ఆడపిల్లల సైజు దొరకలేదట, వదులైతే కుక్కుకోమని గుప్పెడు కాటన్ వేస్టు కూడా తెచ్చాడు. "ఇయ్యి లేకపోతే గేటు కాడే ఆపీసి ఎనక్కి పంపీత్తారు."

"ఏ గేటు నాన్నా?"

"ఏ గేటేటే? నువ్వు పాసైన గేటే!"

అప్పుడు వెలిగింది నా బుర్ర. ఏడాదిగా మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి వచ్చి నా మొహాన కొట్టాయి. వెంటనే నిజం చెప్పేయొచ్చు కదా అంటారు మీరు. చెప్పడానికే నోరు తెరిచాను కూడా. కానీ నాన్న నేలమీద కూర్చుని ఆ బూట్లకి లేసులు ఎక్కిస్తూ, అమ్మతో ఏమన్నాడంటే, "గుంట లోపల కుదురుకుంటే ఇంక ఈ బుజానికి రెస్టిచ్చేత్తానే. గొలుసు ఎత్తితే సాలు, పేనం పోతంది." నాన్న కుడి భుజం రెండేళ్ళుగా పట్టేసి ఉంది, రాత్రీ పగలూ మందు రాసుకుంటాడు. ఆ మనిషితో, నాది ఉద్యోగం కాదు నాన్నా, ఇంకా రెండేళ్ళ చదువు, ఆ రెండేళ్ళూ గొలుసులు నువ్వే ఎత్తాలి అని ఎలా చెప్పను? తెరిచిన నోరు మూసుకున్నాను. చెప్పకుండా ఎగ్గొడదామా అంటే అదీ కుదరదు. యూనివర్సిటీవాళ్ళు ఇచ్చిన కాగితాల్లో తండ్రి అంగీకారపత్రం ఒకటి ఉంది, నాన్న సంతకం లేకపోతే చేర్చుకోరు. ఆ కాగితం నీలం ఫైల్లో పెట్టి, బుధవారం చెబుదాం, కాదు గురువారం చెబుదాం అనుకుంటూ వాయిదాలు వేశాను. (గేట్‌లో వచ్చిన ర్యాంకు చూసి నేను చాలా ధైర్యవంతురాలిని అనుకున్నాను. అది వేరే సబ్జెక్టు.)

ఇది చాలదన్నట్టు శనివారం తగరపువలస నుంచి మా మావయ్య (అమ్మ తమ్ముడు) సంచీడు మొక్కజొన్న పొత్తులతో దిగాడు. కాఫీ తాగేదాకా వానల గురించి మాట్లాడి, తర్వాత చొక్కా జేబులోంచి రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలూ ఆధార్ జిరాక్సూ తీసి నా చేతిలో పెట్టాడు. "కోడలా, నాకు మూడేళ్ళొద్దు. ఓ ఏడాదికి ఇప్పించు, సాలు. గేటు కాడ కూకోమన్నా కూకుంటాను." నేను నాన్న వంక చూశాను. నాన్న చాలా శ్రద్ధగా మొక్కజొన్న పొత్తు ఒలుచుకుంటున్నాడు. గత్యంతరం లేక "సూత్తాన్లే మావయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటతో పోర్టులో అధికారినైపోయాను. వెళ్తూ వెళ్తూ మావయ్య నాకు నమస్కారం కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున్న నాన్న ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో తన పాసు తగిలించుకుని, మోపెడ్ తీశాడు. వెనకాల నేను, చుడీదారూ, ఆ కిలో బూట్లూ, ఒళ్ళో నీలం ఫైలూ. మల్కాపురం దాటాక పోర్టు గోడ మొదలైంది. మొదటి గేటు దగ్గర నాన్న బండి స్లో చేశాడు. "ఈ గేటేనేటే?"

"కాదు నాన్నా, ఇంకా ముందుకి."

బొగ్గు లారీల మధ్య నుంచి మరో గేటు వచ్చింది. "ఇదా?" "ఇంకా ముందుకి నాన్నా." ఆ తర్వాత వచ్చింది నాన్న రోజూ వెళ్ళే గేటు. అక్కడి సెక్యూరిటీ ఆయన నాన్నని చూసి చెయ్యెత్తాడు. "ఏటి బావా, మూడేళ్ళ పాసు పాపేనా?" "ఆఁ, మా గుంటే!" అని నాన్న గర్వంగా అరిచి, నా వైపు తిరిగి మళ్ళీ అడిగాడు, "ఇది కాదేటి?" ఇక్కడే దిగిపోయి సముద్రంలోకి నడిచిపోదామా అనిపించింది. "ముందుకి నాన్నా" అన్నాను. అలా గేట్లన్నీ అయిపోయాయి, పోర్టు గోడే అయిపోయింది. ప్రతి సిగ్నల్ దగ్గరా, ఇది పచ్చ పడేలోపు చెప్పేయాలి అనుకుంటాను, అది పచ్చ పడిపోతుంది. విచిత్రమేమిటంటే గోడ అయిపోయాక నాన్న ఏమీ అడగలేదు. నేను కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. చివరికి యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి "ఎక్కడికి?" అన్నాడు. నాన్న మెడలోంచి పోర్టు పాసు తీసి చూపించాడు. ఆ వాచ్‌మన్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చాలా మర్యాదగా "ఎల్లండి" అన్నాడు.

నాన్నని బయట బండి దగ్గరే ఉండమని నేను ఆఫీసులోకి వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్న గుమాస్తాగారు కళ్ళజోడు పైనుంచి చూసి, ముందు ఫొటోలు అడిగారు. చూడకుండానే ఫైల్లోంచి తీసి ఇచ్చాను. ఆయన ఫొటో వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఈ మీసాలాయన ఎవరమ్మా?" అన్నారు. మా మావయ్య ఆయన చేతిలోంచి నన్ను చూసి నవ్వుతున్నాడు. క్షమించమని చెప్పి నావి వెతికి ఇచ్చాను. తర్వాత ఆయన అంగీకారపత్రం అడిగారు. ఇంక దాచి లాభం లేదు. "సార్, మా నాన్న బయటే ఉన్నారు, ఆయనకింకా చెప్పలేదు, ఒక్క పది నిమిషాలు టైమిస్తే..." అని ఏడుపు గొంతుతో మొదలుపెట్టాను. ఆయన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, "సంతకం ఉంది కదమ్మా" అన్నారు.

తొంగి చూశాను. నాన్న సంతకమే. ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, చివర కొమ్ము సాగదీసి. కింద తేదీ కూడా వేశాడు (సంతకం కింద తేదీ వెయ్యకపోతే పాసు సెక్షన్‌లో కాగితం తిప్పి కొడతారు, అందుకని నాన్న ఎక్కడ సంతకం పెట్టినా తేదీ వేస్తాడు). ఆ తేదీ గురువారానిది.

బయటికి ఎలా వచ్చానో తెలియదు. నాన్న వేపచెట్టు కింద బండి మీద కూర్చుని, వచ్చే పోయే పిల్లల్ని చూస్తున్నాడు. "ఎప్పుడు తెలిసింది నాన్నా?" అన్నాను.

"బుదవారం. మా ఇంజినీరు బాబుకి సెప్పినాను, మా గుంటకి మూడేళ్ళ పాసొచ్చినాదని. ఆయన నవ్వినాడు సూడూ, అరగంట నవ్వినాడు. నవ్వి నవ్వి, గేటంటే పెద్ద సదువుకి పరీచ్చ, నా సంతకం కూడా అడుగుతారని సెప్పి, అప్పుడు కుర్సీలోంచి లేచి నాకు సేయిచ్చినాడే. ముప్పయ్యేళ్ళలో నాకు ఏ ఆఫీసరూ సేయివ్వలేదు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వెందుకు సెప్పలేదు?"

నాన్నే మళ్ళీ అన్నాడు, "నువ్వే సెప్తావని గేటు గేటు కాడా బండి స్లో సేసినాను. నువ్వేమో ముందుకి, ముందుకి అంతన్నావు. సరే, పెట్రోలు అయిపోయేదాకా ముందుకే పోదారి అనుకున్నాను."

"నీ భుజం నాన్నా..."

"రెండేళ్ళే కదే. ఎంతని? ఎనిమిది పాసులు. అయిపోతాయి" అన్నాడు, ఎనిమిది ఇడ్లీలు అన్నంత తేలిగ్గా. నేను అక్కడే, అంతమంది పిల్లల మధ్య, బూట్ల వంక చూస్తూ ఏడ్చేశాను. కాస్త తేరుకున్నాక, చదువుకుంటుండగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు నాన్నా అని చెబితే నాన్న నమ్మలేదు. "సదువుకుంటే ఎదురు డబ్బులిత్తారా? ఈ ముక్క మీ మావయ్యకి సెప్పకు, ఇంకో రెండు ఫొటోలు అట్టుకొచ్చీత్తాడు."

ఆ బూట్లు వృథా కాలేదు. మొదటి వర్క్‌షాపు క్లాసులో సేఫ్టీ బూట్లు ఎవరికి ఉన్నాయని మాస్టారు అడిగితే, మా బ్యాచ్ మొత్తం మీద చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. నాన్న కూడా అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఎనిమిదో పాసు గడువు అయిపోయిన రోజున గొలుసులు దింపేశాడు, అప్పటికి నాకు ఇక్కడే ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మా విద్యార్థులు వచ్చి "మేడమ్, గేట్‌కి ప్రిపేర్ అవుతున్నాం" అంటే, హెల్మెట్ ఎప్పుడు పెట్టుకోవాలో చెప్పమని అడగాలని నాలుక చివరిదాకా వస్తుంది.

మొన్న ఆదివారం ఇల్లు సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో నాన్న పాత పాసులన్నీ రబ్బరు బ్యాండు వేసి కనిపించాయి. వాటి మధ్యలో నా యూనివర్సిటీ గుర్తింపు కార్డు, ఫొటోలో నేను ఇరవై మూడేళ్ళ ధైర్యంతో చూస్తున్నాను. "దీని గడువు అయిపోయి ఎన్నేళ్ళయింది నాన్నా, పాడెయ్" అన్నాను. "ఉండనీ. రెన్యూవల్‌కి పాత పాసు అడుగుతారు" అన్నాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా. పీహెచ్‌డీ దరఖాస్తు శుక్రవారమే తెచ్చుకుని బ్యాగులో దాచాను. ఈ వయసులో ఇంకా చదువేమిటని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. నాన్న నా బ్యాగు చూశాడో, ఊరికే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు, అడగలేదు కూడా. లేచి హార్బరుకి వెళ్ళి రొయ్యలు తెచ్చాను. "ఏటే, ఎవులికొచ్చినాది పాసు?" అంది అమ్మ. "ఇంకా రాలేదమ్మా, అప్లై సేత్తన్నాను" అని, ఈసారి మొదటి గేటు దగ్గరే చెప్పేశాను.