బెత్తెడు తక్కువ

దోహాలోని అల్ ముంతజాలో మా ఇంటి కింద ఒక కిరాణా కొట్టు ఉంది. పొద్దున్నే కొట్టతను షట్టర్‌కు చుట్టిన గొలుసు విప్పి గట్టు మీద పడేస్తాడు. ఆ చప్పుడు వినగానే నాకు అల్ అజీజియా వైపున్న మైదానం గుర్తొస్తుంది. ఒక శీతాకాలపు సాయంత్రం అక్కడ సుధాకర్ గారు గడ్డి మీద ఇనుప గొలుసు సాగదీసి పట్టుకుని నిలబడ్డారు. బంతి బెత్తెడు వెనకే ఆగిపోయింది. దాంతో ఆయన కొడుకు ఆడే కాలేజీ జట్టు సీజన్ ముగిసింది.

సుధాకర్ గారిది తెనాలి. దోహాలో నేను చేరిన ఇంగ్లిష్ దినపత్రికకు ఆయన స్పోర్ట్స్ ఎడిటర్. నాకు వార్త రాయడం నేర్పింది ఆయనే. అలాగని పాఠాలేమీ చెప్పలేదు. నేను రాసింది చదివి, ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అని అడిగేవారు. జవాబు వెతుక్కునేలోగా తప్పు నాకే కనిపించేది.

ఆయన కొడుకు వంశీ కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. పేరుకు ఫుట్‌బాల్ గానీ, బంతిని తన్నడం కన్నా చంకన పెట్టుకుని పరిగెత్తడమే ఎక్కువ. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళితే బంతి వాళ్ళ దగ్గరే ఉంటుంది, లేకపోతే ఎదుటి జట్టుకు పోతుంది. ఆ దూరం కొలవడానికి రెండు కర్రల మధ్య గొలుసు కట్టి, మైదానం గీత పక్కన ఇద్దరు పట్టుకుని నిలబడతారు. సెలవు రోజుల్లో, బంతి బయలుదేరిన చోటు చూపే వెనక కర్ర సుధాకర్ గారిది, చేరాల్సిన చోటు చూపే ముందు కర్ర రాజన్నది. రాజన్నది నిర్మల్ దగ్గర పల్లె. ఆ మైదానంలో గడ్డి చూసుకోవడం అతని డ్యూటీ. ఒకసారి ఇంటికి ఫోన్ చేసి, గొలుసు గుంజే పని కూడా చేస్తున్నానని చెబితే, "దుబాయ్‌ల గూడ బాయిల నీళ్ళు తోడుతరా?" అని భార్య అడిగిందట. వాళ్ళ ఊరివాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. అది చెప్పి తనే నవ్వేవాడు.

ఆ ఏడాది జట్టులో కుర్రాళ్ళు చాలలేదు. దెబ్బలు తగిలి కొందరు, పరీక్షలని కొందరు తప్పుకున్నారు. మిగిలినవాళ్ళే దాడికీ దిగాలి, అడ్డుకోవడానికీ దిగాలి. ఫైనల్ చేరితేనే వచ్చే ఏడాది జట్టు ఉంటుందని కాలేజీ ముందే చెప్పేసింది. అయినా పడుతూ లేస్తూ సెమీఫైనల్ దాకా వచ్చారు.

ఆ ఆట చివర్లో, మూడో ప్రయత్నంలో, ఆటగాళ్ళ గుంపు గీత దాటి సుధాకర్ గారి మీదికి వచ్చిపడింది. ఎవరికీ తగలకుండా ఆయన కర్ర తీసుకుని పక్కకు తప్పుకున్నారు. గుంపు లేచాక మళ్ళీ నిలబెట్టారు. కర్ర కదిలినా చోటు తప్పిపోకుండా, మొదటి ప్రయత్నానికి ముందే మైదానంలోని గజాల గీత దగ్గర గొలుసుకు ఒక క్లిప్ పెట్టాలి. ఈసారి ఆయన అది మరిచిపోయారు. కంటి అంచనాతోనే నిలబెట్టారు. నాలుగో ప్రయత్నంలో వంశీ బంతితో ముందుకు దూకి పడ్డాడు. దూరం సరిపోయిందో లేదో తేలక రెఫరీ గొలుసు తెమ్మన్నాడు.

రాజన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. వార్త కోసం గీత పక్కనే నిలబడ్డ నాకూ వినిపించింది. "అందాజకే పెట్టిర్రు గద సార్. జర ఎనుకకు జరుపుర్రి. పోరగాళ్ళు గట్టెక్కుతరు."

"నాకూ జరపాలనే అనిపిస్తోంది రాజన్నా" అన్నారు సుధాకర్ గారు. "అందుకే ముట్టుకోను."

రెఫరీ దగ్గరికి వెళ్ళి క్లిప్ సంగతి తనే చెప్పారు. వేరే ఆధారమేదీ లేదు కాబట్టి మీరు పెట్టిన చోటే లెక్క అన్నాడు రెఫరీ. కొలిచారు. బంతి ఎదుటి జట్టుకు పోయింది.

ఆఫీసుకు వచ్చి, బెత్తెడు తేడాతో ఓడారని నేను వార్త రాశాను. ఆయన వేలు ఆ బెత్తెడు మీదే ఆగింది. కర్ర కదిలిందని, పాత చోటే పెట్టారో లేదో తెలియదని, పెట్టినది తానేనని రాయమన్నారు.

"మీ పేరు కూడానా సార్?"

"నాది కాకపోతే ఎవరి పేరు రాస్తావమ్మా?"

వార్త అలాగే వచ్చింది. మర్నాడు పత్రిక యాజమాన్యం ఆయన్ని పిలిచి మాట్లాడింది. ఏమన్నారో ఆయన చెప్పలేదు. వంశీ మాత్రం ఆట జరిగిన రాత్రి ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఒక్కటే అడిగాడట, నిజంగా కర్ర అక్కడే ఉందా నాన్నా అని. తెలియదురా అన్నారట ఈయన. కాలేజీ ఆ వేసవిలోనే జట్టును ఎత్తేసింది.

సుధాకర్ గారు ఇప్పుడు తెనాలిలో ఉంటున్నారు. ఆయన కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళు రాసిన దాంట్లో ఎక్కడైనా మరీ నిక్కచ్చిగా తేల్చేసిన వాక్యం కనిపిస్తే నా వేలు దానంతటదే అక్కడికి పోతుంది. "తెలియదు" అన్న మాట అచ్చులో చూసినప్పుడు వాళ్ళ ముఖం చిన్నబోతుంది. అప్పట్లో నా ముఖమూ అలాగే ఉండేది.

వంశీ ఇప్పుడు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు ఇంజనీరు. మొన్న పాత జట్టువాడి ఫోన్లో దొరికిందంటూ ఆ ఆట వీడియో పంపాడు. గుంపు పడటం, సుధాకర్ గారు కర్రతో తప్పుకోవడం అందులో స్పష్టంగా ఉన్నాయి. కర్ర తిరిగి నేలను తాకే క్షణానికి మాత్రం ఎవరిదో వీపు అడ్డొచ్చింది.